నాలుగు సీసాల మంచినీళ్ళు

గత మాసంలో విజయవాడలో ఒక పెద్ద హోటల్లో జరిగిన సభకు నన్ను పిలిచారు. ఒక విశ్వవిద్యాలయం, ఒక రంగుల కంపెనీ ఏదో ఒప్పందం మీద సంతకాలు చేసుకునే సందర్భం. చేనేత పనివాళ్ళకు కొత్త విద్య నేర్పుతామని విశ్వవిద్యాలయంవారు, ఆ విద్యను బజారులోకి తెస్తామని కంపెనీవారు చెప్పారు. పాతవాళ్ళ దగ్గరున్న విద్యను భద్రపరుస్తామని ఇద్దరూ కలిసి చెప్పారు. ఆ పాతవాళ్ళలో మిగిలినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నన్ను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. చేనేత సభలో కప్పిన ఆ శాలువా మిల్లుది. తరువాత పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి మైకు నా ముందు పెట్టి, "అమ్మమ్మగారూ, మీ ఎర్ర అద్దకం విద్యని మీ ఫ్యామిలీ ఇష్టపూర్వకంగానే యూనివర్సిటీకి ఇచ్చిందాండీ?" అని అడిగింది. "ఇష్టపూర్వకంగానే ఇచ్చాము," అన్నాను. చప్పట్లు కొట్టారు. మైకు ఇంకొకరి దగ్గరకు వెళ్ళిపోయింది. నేను చెప్పింది అబద్ధం కాదు. కాని అది పూర్తి జవాబూ కాదు. మా నాన్నగారైతే ఆ చప్పట్ల మధ్యనే లేచి నిలబడి మిగతాది చెప్పేవారు. నాకు మోకాళ్ళు సహకరించలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు బందరు కాలవ మీద ఉంది. మావాళ్ళు ఎర్రగళ్ళ గుడ్డను బందరు రేవు నుంచి ఓడల మీద పరదేశాలకు పంపిన షావుకార్లు. నాకు ఊహ తెలిసేనాటికి ఓడలు లేవు, గుడ్డల కొట్టు లేదు, ఇంటి ముందుభాగం ఒక ధాన్యం వర్తకుడి బస్తాలకు అద్దెకు పోయింది. మేము వెనకభాగంలో ఉండేవాళ్ళం. వీధి అరుగు మాత్రం మాదే. నాన్నగారు రోజూ పొద్దున స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, ఉత్తరీయం వేసుకుని ఆ అరుగు మీద కూర్చునేవారు. చేయవలసిన పని ఏమీ లేకపోయినా వేళ తప్పేవారు కాదు. ఊళ్ళో మమ్మల్ని చితికిపోయిన కుటుంబం అనేవారు. ఆ మాట నేను ఒప్పుకోను. మెట్లు దిగాము, అంతే. దిగేటప్పుడు ఎవరి భుజమూ పట్టుకోలేదు.

దిగడానికి కారణాలు చాలా ఉన్నా, ఊరు చెప్పుకునేది ఒకటే. జర్మనీ నుంచి డబ్బా రంగులు వచ్చినప్పుడు ఊళ్ళో అద్దకపువాళ్ళందరూ వాటికి మళ్ళారు. నీళ్ళు కాచి, పొడి కలిపి, నూలు ముంచితే గంటలో ఎరుపు. మా తాతగారు మాత్రం ఆ డబ్బాను గడప దాటనివ్వలేదు. మా ఇంట ఎరుపు అంటే చిరివేరు ఎరుపు. ఇసుక నేలల్లో మొలిచే చిన్న మొక్క వేరు అది. దాన్ని ఎండబెట్టి, దంచి, ఆ పొడితో నూలు కాచేవారు. దానికి ముందు పదహారు రోజులు నూలును నువ్వుల నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ, మేకపెంటికలు కలిపిన నీళ్ళలోనూ నానబెట్టడం, కాళ్ళతో తొక్కడం, ఎండలో ఆరవేయడం. వేసవి వస్తే మా పెరడంతా ఆ వాసనే. కాస్త కమ్మగా, కాస్త కుళ్ళుగా, ఎండతో కలిసి గొంతులోకి దిగే వాసన. పెళ్ళిళ్ళకు పాత ఎరుపే కావాలనే నాలుగు కుటుంబాల కోసం ఏడాదికి కొద్దిపాటి నూలు అద్దేవాళ్ళం. ఆ పని అంతా మా మేనత్తది.

కోటమ్మ అత్తయ్య నాన్నగారికి అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. అద్దకం విద్య కూతుళ్ళకు చెప్పకూడదని మా ఇంటి కట్టుబాటు. కూతురు పరాయి ఇంటికి వెళ్తుంది, విద్య ఆమె వెంట వెళ్తుంది. అత్తయ్య ఇక ఎక్కడికీ వెళ్ళదు కాబట్టి తాతగారు నాన్నగారితోపాటు ఆమెకూ నేర్పారు. నేను వెళ్ళవలసినదాన్ని కాబట్టి నాకు నేర్పలేదు. తెల్లవారుజామున నేను చేయగలిగిన సాయం ఒక్కటే: బావిలో నీళ్ళు తోడి తొట్లు నింపడం. అది అయ్యాక అత్తయ్య కుచ్చిళ్ళు పైకి దోపి, "ఇక నువ్వు లోపలికి పోవే," అనేది.

మా ఇంట్లో రెండు రకాల నీళ్ళు ఉండేవి. పెరట్లో, ఆడవాళ్ళ స్నానాల దడి పక్కన, ఉప్పుబావి. ఆ నీళ్ళు అంట్లకు, గుడ్డలకు, అద్దకానికి. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, తల రుద్దుకుంటే జుట్టు అట్టకడుతుంది. రెండోది మంచినీళ్ళు. కాలవ పారినన్నాళ్ళు కాలవ నుంచి వచ్చేవి. ఎండాకాలం కాలవ కట్టేస్తే రెండు మైళ్ళ దూరంలోని చెరువు నుంచి కావిడితో తేవాలి. ఆ నీళ్ళను ఇత్తడి గంగాళంలో పోసి, చిల్లగింజ అరగదీసి కలిపితే రాత్రికి మట్టి అడుగుకు దిగి, తెల్లవారేసరికి అద్దంలాగా తేరుకునేవి. వచ్చినవాళ్ళకు ఏ నీళ్ళిచ్చారన్నదాన్ని బట్టి మా వైపు ఇంటి మర్యాద తూచేవారు. ఎండాకాలంలో అతిథికి అడక్కుండానే రెండో చెంబు మంచినీళ్ళు ఇవ్వగలిగిన ఇల్లు పెద్దిల్లు. మిగతావన్నీ పోయినా, ఆ లెక్కన మాది పెద్దిల్లే.

రెండో ప్రపంచయుద్ధం వచ్చి జర్మనీ డబ్బా రంగులు ఆగిపోయాయి. మొదట ధర పెరిగింది, తరువాత కల్తీ వచ్చింది, ఆఖరికి డబ్బాయే లేకుండా పోయింది. ఎర్రంచు లేని చీర మాకొద్దని బెజవాడ గుడ్డల వర్తకులు కబురు చేశారు. తెల్లచీర ఎవరు కట్టుకుంటారు? ఊళ్ళో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. మా వీధిలో పగలంతా వినబడే మగ్గాల చప్పుడు పలచబడింది. మా తాతల విద్య డబ్బా రంగుకు మళ్ళిన ఇళ్ళలో రెండు తరాల కిందటే పోయింది. వాళ్ళు మమ్మల్ని అడగలేదు. అడిగితే కాదంటామని వాళ్ళకు తెలుసు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం సోమయాజులుగారు బొగ్గుబస్సు దిగి మా అరుగు ముందుకు వచ్చారు. పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గుకొలిమి తగిలించి నడిపే రోజులు; బెజవాడ నుంచి మా ఊరు చేరేసరికి తెల్లచొక్కా వేసుకున్నవాడు నల్లచొక్కాతో దిగేవాడు. ఆయన విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పే లెక్చరరు. బాంబుల భయానికి ఆ విశ్వవిద్యాలయం సముద్రం ఒడ్డు వదిలి లోపలి ఊరికి తరలి వచ్చిందట, సగం సామాను ఇంకా పెట్టెల్లోనే ఉందట. "పెట్టెలు విప్పేలోగా ఊళ్ళకు పనికొచ్చే పనేదైనా చేద్దామని బయలుదేరానండీ," అన్నారు. పాత చిరివేరు ఎరుపు మా ఇంట్లో ఇంకా బతికి ఉందని ఎవరో చెప్పారు. దాన్ని నేర్చుకుని, ప్రయోగశాలలో పరీక్షించి, తెలుగులో చిన్న పుస్తకంగా అచ్చువేసి అద్దకపువాళ్ళందరికీ పంచాలని ఆయన కోరిక.

నాన్నగారు ఆయనకు చాప వేయించారు. "ముందు దాహం పుచ్చుకోండి," అన్నారు. బ్రాహ్మణ లెక్చరరు నేతవాళ్ళ ఇంట నీళ్ళు తాగుతారా అని ఎదురింటి అరుగు మీదివాళ్ళు మాటలు ఆపి చూస్తున్నారు. నేను ఇత్తడి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి పెట్టాను. ఆయన చెంబు ఎత్తి గటగట తాగేసి, "ఇంకో చెంబు ఇప్పిస్తావా తల్లీ? ఇంత తియ్యటి నీళ్ళు ఈ వేసవిలో ఎక్కడా తాగలేదు," అన్నారు. వంటింట్లో అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "రెండోసారి అడిగాడుటే? ఎదురింటోళ్ళు చూశారా?" అని మూడుసార్లు అడిగింది.

సోమయాజులుగారు ఊరి బడిగదిలో మకాం పెట్టారు. నాన్నగారు రెండు రోజులు ఎండిపోయిన కాలవగట్టు మీద ఒక్కరే నడిచారు. మూడోరోజు పొద్దున భోజనాల దగ్గర, "అక్కయ్యా, పంతులుగారికి అంతా చూపించు," అన్నారు.

"నాన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదురా," అంది అత్తయ్య.

"ఆయన కాదన్న రోజుల్లో ఊళ్ళో మగ్గాలు నడుస్తున్నాయి. ఇప్పుడు ఆగాయి. చూపించు. ఏదీ దాచొద్దు. ఇచ్చినవాడు సగం ఇస్తే ఇచ్చినట్టు కాదు."

పద్దెనిమిది రోజులు సోమయాజులుగారు మా పెరటి పాకలో పీట మీద కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నారు. ఆయన వచ్చేసరికే తొట్లు నిండి ఉండేవి. బావి ఆడవాళ్ళ దడి పక్కన ఉండడంవల్ల పరాయి మగవాళ్ళు అటు వెళ్ళరు, ఆయనా వెళ్ళలేదు. అత్తయ్య మొదటిరోజు ఆయనకు వీపు తిప్పి మాట్లాడింది. నాలుగోరోజుకు ఆయన్ని ఆటపట్టించడం మొదలుపెట్టింది. బూడిద నీళ్ళు ఎంత ఘాటుగా ఉండాలో చూడడానికి ఆమె ఒక చుక్క నాలిక మీద వేసుకునేది.

"ఎంత ఘాటు అని రాసుకోనమ్మా?" అని ఆయన అడిగారు.

"చుర్రుమనాలి, పొక్కకూడదు. అట్టా రాసుకోండి."

"మా ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి మాట లేదు."

"అవి రాసినోళ్ళకి నాలికలు లేవా పంతులుగారూ?"

ఆయన నవ్వి, ఒక చుక్క తన నాలిక మీద వేసుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే అదే మాట రాసుకున్నారు. చుర్రుమనాలి, పొక్కకూడదు. ఆ మాట తరువాత అచ్చులో కూడా అలాగే వచ్చింది.

బయలుదేరే రోజున, బస్సు వేళవుతుండగా, ఆయనకు నీళ్ళ సంగతి గుర్తుకు వచ్చింది. సంచిలోంచి గాజు బిరడాలున్న నాలుగు సీసాలు తీసి, "మీ అద్దకపు నీళ్ళు ఇందులో నింపించండి షావుకారుగారూ. అక్కడా ఇదే నీటితో చేసి చూడాలి," అన్నారు. నాన్నగారు సీసాలు నా చేతికిచ్చి, "నింపుకురా అమ్మాయీ," అని ఆయన్ని సాగనంపడానికి వీధిలోకి నడిచారు. నేను బావి దగ్గరకే వెళ్ళాను. చేద తోడాను. ఎండాకాలం కదా, బావి అడుగంటి నీళ్ళు పచ్చగా, పాచి వాసనతో వచ్చాయి. ఒక సీసా నింపి వెలుగుకు ఎత్తి చూశాను. లోపల ఏదో నలక తేలుతోంది. ఈ సీసాను విశ్వవిద్యాలయంలో ఎంతమంది పెద్దవాళ్ళు ఇలాగే వెలుగుకు ఎత్తి చూస్తారో అనిపించింది. పైన కాగితం మీద మా ఇంటిపేరు ఉంటుంది. ఆ ఇంట ఈ నీళ్ళా అనుకోరూ? పదహారేళ్ళదాన్ని. ఇంటి మర్యాద తప్ప నాకు ఇంకే విద్యా నేర్పలేదు. సీసా ఒంపేసి, మూడుసార్లు కడిగి, నాలుగు సీసాలూ గంగాళంలో తేరిన మంచినీళ్ళతో నింపాను. కాగితాల మీద ఇంటిపేరు గుండ్రంగా రాసి అతికించాను. అత్తయ్య ఆ సమయంలో పాకలో ఉంది. సీసాలు అందించాను, బస్సు కదిలింది.

వర్షాలు వెనకపట్టాక పుస్తకం వచ్చింది. గరుకు కాగితం మీద అచ్చు, పదహారు పేజీలు. మొదటి పేజీలో మా ఇంటికి కృతజ్ఞతలు. నాన్నగారు ఆ పేజీ చూసి పుస్తకం మూసేశారు. "మన విద్య మనం పుస్తకంలో చదువుకోవడమేమిటి?" అని పెట్టెలో పెట్టేశారు. అత్తయ్యకు చదువు రాదు. నేను దొంగతనంగా తీసి చదివాను. అందులో ఒకచోట, అద్దకమునకు శుద్ధమైన మంచినీరే వాడవలెను, అని ఉంది. మా గంగాళంలో నీళ్ళు విశ్వవిద్యాలయంవారికి నచ్చాయని ఆరోజంతా సంతోషంగా ఉన్నాను.

ఊళ్ళో ఎనిమిది అద్దకపు కుటుంబాలు ఏకమై, యుద్ధకాలపు కంట్రోలులో వంతుగా దొరికిన నూలంతా ఒకచోట చేర్చి, పుస్తకం ప్రకారం పని మొదలుపెట్టాయి. వాళ్ళకు పెద్ద వీరాస్వామి. డబ్బా రంగులో చెయ్యి తిరిగినవాడు, మా వీధిలో నోరున్న మనిషి. అతని కొడుకు పక్కన కూర్చుని పుస్తకం చదువుతుంటే ఇతను పని చేయించేవాడు. పుస్తకంలో మంచినీళ్ళన్నారని ఇళ్ళలోని బావులు వదిలి, కాలవ నుంచి కావిళ్ళతో మోయించాడు. కార్తీకమాసపు ఎండల్లో పదహారు రోజులు తొక్కారు, ఆరేశారు, కాచారు. నూలు ఎర్రబడలేదు. పాతిటుక పొడి రంగులో, చచ్చిన రంగులో దిగింది. ఉతికితే అదీ సగం పోయింది. ఆ నూలు పోతే మళ్ళీ కంట్రోలు నూలు ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు. ఎనిమిది కుటుంబాలకు శీతకాలమంతా ఆ నూలే ఆధారం.

మర్నాడు పొద్దున నాన్నగారు అరుగు మీద కూర్చుని ఉండగా వీరాస్వామి ఆ నూలు చిలప ఒకటి, పిడికెడు పోగుల కట్ట, తెచ్చి ఆయన పక్కన పెట్టాడు. వెనకాల మిగతా ఏడుగురూ ఉన్నారు.

"మీరు చెప్పలేదని అనటంలేదండీ షావుకారుగారూ," అన్నాడు. "సగం చెప్పారంటున్నాం."

నాన్నగారి ముఖం నాకు తలుపు సందులోంచి కనిపించింది. అందులో ఏ మార్పూ లేదు. ఆ చిలపను చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి, "నాలుగు రోజులాగు. పంతులుగారిని పిలిపిస్తాను. నా ముందే అడుగు," అన్నారు. ఆ నాలుగు రోజులూ ఆయన అరుగు మీద కూర్చోవడం మానలేదు. దారిన పోయేవాళ్ళు మాత్రం పలకరించడం మానేశారు.

సోమయాజులుగారు వచ్చిన రోజున మా అరుగు ముందు వీధి నిండింది. ఆయన చాప మీద కూర్చుని, నోటుబుక్కు తెరిచి, ఒక్కొక్క పనీ వీరాస్వామిని అడిగారు. నూనె ఎంత, బూడిద ఎంత, ఎన్ని ఎండలు. అన్నీ సరిపోయాయి. తలుపు చాటు నుంచి అత్తయ్య అవును, అవును అంటూనే ఉంది. "నీళ్ళో?" అని పంతులుగారు అడిగారు.

"మంచినీళ్ళేనండీ. తమరు రాసినట్టే కాలవ నుంచి మోసుకొచ్చి మరీ పోశాం."

నాన్నగారు తల తిప్పారు. "మంచినీళ్ళా? అద్దకానికి మంచినీళ్ళెందుకు? మేం వాడేది ఉప్పుబావి నీళ్ళు. పంతులుగారికి సీసాల్లో ఇచ్చినవీ అవే."

సోమయాజులుగారు నోటుబుక్కు మూశారు. "నాకు వచ్చినవి మంచినీళ్ళండీ," అన్నారు మెల్లగా. "రుచి చూశాను. మీ ఇంట రోజూ తాగిన నీళ్ళే."

"అదీ సంగతి!" అన్నాడు వీరాస్వామి వెనక్కు తిరిగి. "దాచింది నీళ్ళ దగ్గరన్నమాట."

నాన్నగారు లేచి నిలబడ్డారు. "వీరాస్వామీ! మా ఇంట్లోంచి వెళ్ళినవి ఉప్పుబావి నీళ్ళు. నా కూతురు తన చేత్తో నింపింది. అది అబద్ధమైతే ఈ ఇంట్లో ఇన్ని తరాలుగా చెప్పిన ప్రతిమాటా అబద్ధమే."

ఆయన ఇంకొక్క మాట తక్కువ అని ఉంటే నాకు కొంచెం సులువయ్యేది. నేను ఊరుకుంటే నాన్నగారు నిజమే చెప్పారని సగం ఊరైనా నమ్ముతుంది. పంతులుగారు పొరపాటు పడ్డారనుకుంటారు. ఎనిమిది ఇళ్ళ నూలు మాత్రం ఎందుకు చెడిందో ఎప్పటికీ తేలదు. మాట్లాడితే నాన్నగారి మాటను నలుగురిలో నేనే అబద్ధం చేసినదాన్నవుతాను. మా ఇంటి ఆడవాళ్ళు మగవాళ్ళున్నప్పుడు ఆ అరుగు మీదికి వచ్చి మాట్లాడిన రోజు లేదు. నేను తలుపు తీసుకుని వచ్చి, "పంతులుగారు చెప్పింది నిజం," అన్నాను. "ఉప్పుబావి నీళ్ళు పచ్చగా ఉన్నాయి. విశ్వవిద్యాలయానికి అట్లాంటివి పంపితే మన పరువు పోతుందనుకున్నాను. ఒంపేసి గంగాళంలో మంచినీళ్ళు పోశాను."

ముందుగా గొంతు లేచింది అత్తయ్యది. "ఓసి నీ తెలివి తెల్లారా! ఎండాకాలంలో నాలుగు సీసాల మంచినీళ్ళా! అందుకేనా ఆరోజు గంగాళం అడుగు కనబడింది! కావిడివాడు కాజేశాడని వాణ్ణి నానా మాటలూ అన్నానే!"

ఎవరో నవ్వారు. ఆ వెనక ఇంకొకరు. వీరాస్వామి నవ్వలేదు. నా వైపు చూసి, "మంచినీళ్ళు పోసి మా కొంప ముంచావా తల్లీ," అన్నాడు. అందులో కోపం తక్కువగానే ఉంది. నాన్నగారు మా అందరి మధ్య నుంచి ఇంట్లోకి నడిచి, పెరట్లోకి వెళ్ళి, ఉత్తరీయం తీసి దండెం మీద వేసి, తానే బావిలో చేద వేశారు. ఆయన నీళ్ళు తోడడం నేను చూడడం అదే మొదలు. తాడు పట్టడం కూడా సరిగా రాలేదు. సగం ఒలికిన ఆ చేదను అలాగే తెచ్చి అరుగు మీద పంతులుగారి ముందు పెట్టారు.

సోమయాజులుగారు సబ్బుముక్క అడిగి ఆ నీళ్ళలో రుద్దారు. నురగ రాలేదు. తెల్లటి తెట్టు కట్టింది. "ఈ నీళ్ళలో సున్నం ఉందండీ. వేరులోని ఎరుపు నూలును పట్టుకోవాలంటే ఆ సున్నం కావాలి. కాలవ నీళ్ళలో అది లేదు," అన్నారు.

"ఆ నీళ్ళలో పప్పుడకదు, అడిగితే నేనే చెప్పేదాన్నిగా," అంది అత్తయ్య.

"అడగనిది నా తప్పేనమ్మా. ప్రయోగశాలలోనూ రంగు మసకగానే దిగింది. మా గిన్నెలు చిన్నవి కదా, అందుకే అనుకున్నాను."

"అయితే వీళ్ళందరూ మా బావి నీళ్ళు తోడుకుపోవచ్చు," అన్నారు నాన్నగారు. ఆ మాటలో కొంచెం పాత షావుకారు వినిపించాడు.

"మీ బావే అక్కర్లేదండీ. ఏ నీళ్ళలోనైనా కాస్త గుల్లసున్నం కలిపితే చాలు. తాంబూలంలో వేసుకునేదే."

నాన్నగారు చేదలోని నీళ్ళవైపు చూశారు. "అంటే మా తాతలు ఇన్నేళ్ళు కాపాడింది తమలపాకు సున్నమా?" అన్నారు. సోమయాజులుగారికంటే ముందే అత్తయ్య అందుకుంది: "సున్నమైతే సున్నం. పదహారు రోజులు నూలు తొక్కింది నా కాళ్ళు. సున్నం వచ్చి తొక్కలేదుగా?"

ఆ వారమంతా ఎనిమిది ఇళ్ళ నూలూ మా పెరట్లోకి వచ్చింది. ఆడవాళ్ళ దడి తీసేశారు. వీరాస్వామి మనుషులు బావి దగ్గర నిలబడి నీళ్ళు తోడారు, అత్తయ్య కర్ర పట్టుకుని వాళ్ళ మీద కేకలేస్తూ మళ్ళీ కాయించింది. సగానికి సగం నూలు ఎర్రబడింది. మిగతాది ఇటుక రంగులోనే ఉండిపోయింది. దానితో ఆ ఇళ్ళవాళ్ళు తమకే దుప్పట్లు నేసుకున్నారు. చాలా ఏళ్ళు ఆ వీధిలో ఆరేసిన దుప్పట్లను నేను తల తిప్పుకోకుండా చూస్తూ నడిచాను. చూడకుండా నడిచే హక్కు నాకు లేదు.

బయలుదేరేముందు సోమయాజులుగారు నాన్నగారిని పక్కకు పిలిచి, "పుస్తకం మళ్ళీ అచ్చువేస్తాము. నీళ్ళ సంగతి సరిచేస్తాను. ప్రయోగశాలలో జరిగిన పొరపాటని రాసేస్తాను లెండి, మీ ఇంటి ప్రసక్తి రానివ్వను," అన్నారు. మంచితనంతోనే అన్నారు. నాన్నగారికి మాత్రం ఆ రోజంతా రాని కోపం అప్పుడు వచ్చింది. "మా ఇంటి తప్పు మోయడానికి మీరెవరండీ? మెప్పుకు మొదటి పేజీలో మా పేరు వేశారు. తప్పుకు తీసేస్తారా? రాసుకోండి," అని నిలబడే చెప్పారు. ఆయన చెప్పినట్టే అచ్చయింది. మొదటి పుస్తకములో నీటిని గూర్చి వ్రాసినది తప్పు. ఆ తప్పు విశ్వవిద్యాలయమువారిది కాదు, నీటిని పంపిన మా యింటిది. కింద ఆయన పూర్తి పేరు. నింపింది నేను కదా, నా పేరు వేయించండి అన్నాను. "నింపింది నువ్వు. పంపింది ఇల్లు," అన్నారు.

హోటల్లో సంతకాలైన ఒప్పందం ప్రతి ఒకటి నాకూ ఇచ్చారు. కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాను. లాభంలో ఎవరి వాటా ఎంత, ఎవరి అనుమతి లేకుండా ఎవరు ఏది అచ్చువేయకూడదు, అన్నీ వివరంగా ఉన్నాయి. ఏదైనా తప్పు జరిగితే అది ఎవరిదీ కాదని కూడా ముందుగానే రాసుకున్నారు. నాన్నగారు దానిమీద సంతకం చేసి ఉండేవారు కాదు. కాని న్యాయం చెప్పాలంటే ఇంకొక సంగతీ చెప్పాలి. పరిశోధన చేసే ఆ అమ్మాయి నా దగ్గరకు తెచ్చిన కాగితంలో, ఈ విద్య ఎవరి చేతిలో ఉండేది, వారి పేరేమిటి అని మొట్టమొదటే అడిగింది. మా అత్తయ్య పేరు ఆ రెండు పుస్తకాల్లో ఎక్కడా లేదు. మెప్పులోనూ లేదు, తప్పులోనూ లేదు. వేయాలని నాన్నగారికి తట్టలేదు, పంతులుగారికి తట్టలేదు, నాకూ తట్టలేదు. ఈ ఒక్క విషయంలో ఇప్పటివాళ్ళు మాకంటే మేలు. కోటమ్మ అని ఆ గడిలో గుండ్రంగా రాసి ఇచ్చాను.

రెండో అచ్చు వచ్చాక, మరుసటి వేసవిలో మా ఇంటికి ఎవరూ రాలేదు. రావలసిన పని లేదు. పెళ్ళి నూలు అద్దించుకునే ఆ నాలుగు కుటుంబాలు కూడా వీరాస్వామి దగ్గరకే వెళ్ళాయి. అతను త్వరగా ఇస్తాడు. ఒక సాయంత్రం నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని కాలవగట్టు మీదికి బయలుదేరారు. ఆ వీధి పొడుగునా, ప్రతి ఇంటి ముందూ వెదురు దండేల మీద ఎర్ర నూలు ఆరుతోంది. మా పెరట్లో తప్ప ఇంకెక్కడా ఎన్నడూ చూడని ఎరుపు. మగ్గాలు మళ్ళీ ఆడుతున్నాయి. వీరాస్వామి చిలపలు తిరగేస్తూ మమ్మల్ని చూసి పక్కకు జరిగాడు. నాన్నగారు ఆగి, ఒక చిలప అందుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి, వెలుగుకు పట్టి చూశారు.

"నూనె ఒక మునక తక్కువైంది," అని చిలప దండెం మీద వేసి నడక సాగించారు.

నాలుగు అడుగులు వేశామో లేదో వీరాస్వామి వెనకాలే వచ్చాడు. "షావుకారుగారూ, ఎక్కడ తక్కువైందండీ? ముందరా, బూడిద నీళ్ళయ్యాకా? పుస్తకంలో అది సరిగ్గా లేదు."

నాన్నగారు అక్కడే ఆగి, వెనక్కు తిరిగి, అతనికి చెప్పడం మొదలుపెట్టారు.